బూడిదరంగు అట్ట

మా ఆయన కళ్లు చేస్తాడు. ఈ మాట వినగానే కొందరు కళ్లజోళ్లనుకుంటారు, కొందరు కళ్ల డాక్టరనుకుంటారు. నేను అసలు సంగతి విప్పి చెప్పేసరికి వాళ్ల చేతుల్లో కాఫీ చల్లారిపోతుంది. జబ్బు చేసో దెబ్బ తగిలో కన్ను పోయినవాళ్లు ఆ చోట పెట్టుకునే పలచటి చిప్ప ఒకటుంటుంది. గట్టి ప్లాస్టిక్‌ది. మనిషికి మిగిలిన కంటిని ఎదురుగా పెట్టుకుని, అచ్చం దానిలాగే ఆ చిప్ప మీద రంగులు వేస్తాడు. నల్లగుడ్డు చుట్టూ గీతలు గీస్తాడు, తెల్లగుడ్డులో సన్నటి ఎర్ర నరాలు అమరుస్తాడు. ఆ నరాల కోసం ఎర్ర పట్టుదారాన్ని పోగులు పోగులుగా విడదీస్తాడు. పోగులు ఎగిరిపోతాయని మా ముందుగదిలో మండుటెండల్లో కూడా ఫ్యాను వెయ్యనివ్వడు. ఆ గదిలో చెమటలు కక్కుకుంటూ కూర్చోవాలంటే ఆయన మీద ప్రేమన్నా ఉండాలి, కన్నన్నా పోయి ఉండాలి.

ఈ పనిలోకి రాకముందు ఆయన ఒక పెద్ద రంగుల కంపెనీలో ఉద్యోగి. గోడలకి వేసే రంగులు. ఎవరైనా ఒక గుడ్డపీలికో పెంకుముక్కో తెచ్చి మాకు ఇదే రంగు కావాలంటే, ఏ డబ్బాలోది ఎంత కలిపితే ఆ రంగు వస్తుందో తేల్చడం ఆయన విభాగం పని. ఆ పనంటే ప్రాణం పెట్టేవాడు. పెళ్లయిన కొత్తలో ఇద్దరం మార్కెట్‌కి వెళ్తే, టమాటాలు ఏరమంటే ఏరకుండా వాటి ఎరుపులు చూస్తూ నిలబడిపోయేవాడు. నేను నాలుగడుగులు ముందుకెళ్లి ఏదో చెప్పి, జవాబు రాక వెనక్కి తిరిగితే పక్కన మనిషి ఉండేవాడు కాదు.

అక్కడ రంగు చూసే పద్ధతి ఒకటుంది. అరచేతంత బూడిదరంగు అట్ట, మధ్యలో కోటు బొత్తామంత గుండ్రటి చిల్లు. రంగుని ఆ చిల్లులోంచే చూడాలి. ఎందుకంటే పక్కనున్న రంగు మన కంటిని మోసం చేస్తుందట. ఎర్రటి దాని పక్కన పెడితే తెలుపు కూడా తెలుపులా ఉండదట. చిల్లులోంచి చూస్తే చుట్టుపక్కల ఏముందో తెలియదు, చూస్తున్నది గోడో గుడ్డో కూడా తెలియదు, రంగొక్కటే కనపడుతుంది. ఇదంతా ఆయన నాకు చెప్పినప్పుడు నేను ఆవులిస్తూ విన్నాను.

కొన్నాళ్లకి మిషన్లొచ్చాయి. వస్తువుని మిషను కింద పెడితే ఏది ఎంత కలపాలో అదే చెప్పేసేది. ఈయన్ని మేనేజర్ని చేశారు. పెద్ద వీపున్న కుర్చీ ఇచ్చారు, కారు పంపేవారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మీటింగులు, ఏ ఊళ్లో ఏ రంగు ఎంత అమ్ముడైందన్న చర్చలు. నేనైతే నేల మీద నిలబడలేదు. ఆయన మాత్రం రోజురోజుకీ మాట తగ్గించేశాడు. ఇంటికొచ్చి బూట్లు విప్పుకుని, ఆ బూట్ల పక్కనే మెట్టు మీద కూర్చుండిపోయేవాడు. అలసిపోయాడనుకునేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం వేళ కాని వేళ ఇంటికొచ్చాడు. రాజీనామా ఇచ్చేశానన్నాడు. అంత పెద్ద గదిలో అన్నేళ్లు పనిచేసిన మనిషి వెంట తెచ్చుకున్నది జేబులో ఉన్న ఆ బూడిదరంగు అట్ట.

"ఇప్పుడేం చేస్తారు?" అన్నాను.

"కళ్లు చేస్తాను."

"ఉన్నవి నెత్తికెక్కాయిగా, ఇంకా కొత్తవెందుకు?"

నవ్వలేదాయన. వాళ్లక్క గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ గురించి నాకు తెలియనిదేముంది? నాకు వదిన. చిన్నప్పుడు మార్కెట్ రద్దీలో ఎవరిదో గొడుగు ఊచ గుచ్చుకుని ఎడమ కన్ను పోయింది. అప్పటి నుంచీ పెట్టెలో దొరికే రెడీమేడ్ కన్నే. పెట్టె నిండా రకరకాల కళ్లుంటాయి, వాటిలో కాస్త దగ్గరగా ఉన్నదాన్ని ఏరి ఇస్తారు. వదిన అసలు కన్ను తేనెరంగు. రెండోది కాటుక నలుపు. అది ఎటూ తిరగక తిన్నగా చూస్తూ ఉండేది. అందుకని ఆవిడ ఏ బల్ల మీద కూర్చున్నా ఎడమ చివర కూర్చునేది, మనుషులందరూ తన కుడివైపే ఉండేలా. ఫోటోల్లో ఎప్పుడూ పక్కకి తిరిగే ఉంటుంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "పక్క నుంచి చూసినవాళ్లు ఒప్పుకున్నారు, వాళ్లు నాకు నచ్చలేదు. నాకు నచ్చినవాళ్లు ఎదురుగా చూశారు" అని తనే నవ్వేసేది. ఒక కంపెనీలో ఫోన్లెత్తి జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం ఆవిడది. గొంతు తప్ప మనిషి కనపడక్కర్లేని ఉద్యోగమని ఏరికోరి చేరింది.

"గోడకి వేసిన రంగు ఒక్క పిసరు తేడా వస్తే జనం కంపెనీ మీదకి దండెత్తుతారు," అన్నాడు మా ఆయన. "మా అక్క ఇన్నేళ్లుగా మొహం మీద రెండు రంగుల్తో తిరుగుతోంది. నేను రంగులవాణ్ణి. నాకు సిగ్గుగా ఉంది."

నాకు ఆ మాట చెవికెక్కలేదు. మా నాన్న కొన్నాళ్లు ఆయనతో మాట్లాడటం మానేశాడు. నేను మానలేదు. లేస్తే అదే, కూర్చుంటే అదే, చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. మధ్యవర్తిత్వానికి వదిన వచ్చింది. బల్ల మీద ఎడమ చివర కూర్చుని, మంచినీళ్లు తాగి, నెమ్మదిగా అడిగింది.

"మరదలా, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక వాడి మొహం ఎప్పుడైనా చూశావా?"

"చూడకేం వదినా, రోజూ చూస్తూనే ఉన్నాగా."

"నేను ఒంటికంటితో చూశాను. నాకు కనపడింది నీకెందుకు కనపడలేదే?"

నాకు ఒళ్లు మండింది. కానీ ఆ తర్వాత పోరడం తగ్గించాను.

వేరే ఊళ్లో కళ్లు చేసే ముసలాయన ఒకడుంటే ఈయన వెళ్లి ఆయన దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ పెద్దాయన చెప్పే మొదటి పాఠం, మొహం చూడొద్దని. మొహం చూస్తే జాలేస్తుంది, జాలేస్తే చెయ్యి వణుకుతుంది, కన్నొక్కటే చూడమనేవాడట. మా ఆయన జేబులోంచి అట్ట తీసి చూపిస్తే ఆ పెద్దాయన మురిసిపోయాడు. చిల్లులోంచి చూస్తే మొహం అడ్డే రాదు కదా.

తిరిగొచ్చాక చేసిన మొదటి కన్ను వదినదే. ఉత్తరం కిటికీ పక్కన కూర్చోబెట్టి, అట్ట అడ్డం పెట్టుకుని, ఆ తేనెరంగు ఎక్కడ చిక్కగా ఉందో ఎక్కడ పలచబడిందో చూస్తూ రోజుల తరబడి వేశాడు. వదిన దాన్ని పెట్టుకుని అద్దంలో చూసుకుంది. అద్దం బల్ల మీద పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ చూసుకుంది. తర్వాతి ఆదివారం మా ఇంటికొచ్చి బల్ల మీద మధ్యలో కూర్చుంది. నేను ఒక పక్క, ఆయన ఒక పక్క. నాకు వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. చేసినవాడి మీద కోపం కూడా ఆ రోజే పోయింది, ఆ సంగతి ఆయనకి చెప్పలేదనుకోండి.

ఏడాది తిరక్కుండానే వదిన కూడా ఉద్యోగం మానేసింది. మీ వంశంలోనే ఉంది ఈ రోగం అన్నాను. ఆవిడ ఉండేది మా వెనక వీధిలో, మేడ మీద వాటా. అందులో ముందుగది ఖాళీ చేసి, ఇంకా బళ్లో వెయ్యని పసిపిల్లల్ని పోగేసి, వాళ్లకి కథలు చెప్పడం, అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది. పసివాళ్లు మనిషి మొహంలోకి మొహం పెట్టి మరీ చూస్తారు. చిన్నప్పటి నుంచీ ఆవిడ భయపడింది దానికే. ఇప్పుడు నేల మీద కూర్చుంటే ఇద్దరు ఒళ్లో, ఒకడు వీపు మీద. సందు మలుపు దాకా వినపడేది నవ్వు. ఇంట్లో ఒక్కళ్లకైనా నెలాఖరుకి నమ్మకంగా జీతం రావాలి కదా అని నేను మాత్రం నా ఆఫీసు వదల్లేదు. వాళ్లిద్దరూ ఎక్కడెక్కడి కబుర్లో చెప్పుకుని పగలబడి నవ్వుతుంటే చూసి, ఒక్కోసారి కుళ్లుకునేదాన్ని.

అలా కొన్నేళ్లు బాగా గడిచాయి.

మా ఆయన రంగులు పగటి వెలుతురులోనే వేస్తాడు కాబట్టి ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు పొద్దున్నే వస్తారు. అప్పటికి నేను బస్సులో ఉంటాను. అందుకని ఇక్కడి నుంచి కొంత ఆయన తర్వాత చెప్పగా విన్నది. ఒక పొద్దున వదిన నవ్వుకుంటూ వచ్చింది.

"ఒరేయ్, పిల్లలు నన్ను పట్టేసుకున్నార్రా. ఒక కన్ను తెల్లగా ఉంది, రెండోది తెల్లగా లేదు, అది కడుక్కోవడం మర్చిపోయావా టీచర్ అని అడిగింది ఒక పిల్ల."

ఆయన కిటికీ దగ్గర కూర్చోబెట్టి అట్ట తీశాడు. చిల్లులో ముందు తను చేసిన కన్ను, తర్వాత అసలు కన్ను. తేడా ఉంది. తనది తెల్లగా తేలిపోతోంది, అసలుదానిలో సన్నటి పసుపు ఛాయ ఉంది. ఆయన మొహం మాడిపోయింది. ఆ మధ్యే కొత్త కొట్టు నుంచి ప్లాస్టిక్ తెచ్చి అక్క కంటికి పైపూత మళ్లీ వేశాడు, దాని మీద మొదటి నుంచీ అనుమానంగానే ఉంది. అది తన రంగుని తినేసిందనుకున్నాడు. తన చేతి పని వెలిసిపోయిందనుకున్నాడు. పనివాడెవడికైనా ముందు తట్టేది అదే కదా, తప్పు తన పనిలో ఉందని.

"నాదే తప్పక్కా. రంగు నిలవలేదు. వేరేవాళ్లకైతే సరే, నీకే ఇలా చేశాను."

"పోనీలేరా, ఏదో మహాపాతకం చేసినట్టు. మార్చి పెట్టు."

మార్చి పెట్టాడు. తెలుపులో పసుపు ఛాయ కలిపి కొత్త కన్ను చేశాడు. చక్కగా సరిపోయింది. పిల్లలు అడగడం మానేశారు. ఆ సంగతి చెప్పడానికి వదిన ప్రత్యేకంగా ఫోను కూడా చేసింది.

కొన్ని వారాలకి మళ్లీ తేడా వచ్చింది. ఈసారి ఆయనకి పిచ్చెక్కినంత పనైంది. ఆ ప్లాస్టిక్ డబ్బాలన్నీ అవతల పారేశాడు. దానితో చేసిన మిగతావాళ్లందర్నీ పిలిపించి చూశాడు, వాళ్లవి చెక్కుచెదరలేదు. అప్పుడైనా అనుమానం రావాలి. రాలేదు. అక్కది చేసేటప్పుడే తన చెయ్యి ఎక్కడో తప్పిందనుకుని, మూడోసారి, ముందుకన్నా చిక్కటి పసుపుతో వేశాడు. అట్ట చిల్లులోంచి చూసినప్పుడు ఆయనకది పసుపులా కనపడలేదని చెప్పాడు. ఏ రంగు ఎంత కలపాలన్న లెక్కలా కనపడిందట.

వదిన ఆ రోజుల్లో ఒళ్లు గోక్కునేది. సుద్దముక్కల పొడి ఒంటికి పడటం లేదు అనేది. తిండి తగ్గింది. పిల్లలతో అరిచి అరిచి ఆకలి చచ్చిపోతోంది అనేది. మిగిలిన ఒక్క కంటికి దుమ్ము తగలకూడదని బయటికి వెళ్తే లేతరంగు అద్దాలు పెట్టుకునే అలవాటు ఆవిడకి. నేను చూసేది ఆదివారం సాయంత్రాలు, ట్యూబులైటు కింద, ఆ అద్దాల వెనక. చూసినవాళ్లందరికీ రెండు కళ్లూ ఒక్కలాగే ఉన్నాయి. మనిషి మొహంలో మార్పు చెప్పగలిగింది ఆ ఒక్క తేడానే. దాన్ని మా ఆయన ప్రేమగా, శ్రద్ధగా, రెండుసార్లు చెరిపేశాడు.

మూడో కన్ను ఎలా ఉందో చూద్దామని వదినని పిలిపించిన రోజు, ఇనుము చెక్కే లేత్ మిషను దగ్గర కన్ను పోగొట్టుకున్న ఒకతన్ని వాళ్ల చెల్లెలు వెంటబెట్టుకొచ్చింది. ఆవిడ నర్సు. మా ముందుగదిలో గోడవార కూర్చుంది. వదిన కిటికీ దగ్గర అద్దాలు తీసి కూర్చుంటే, మా ఆయన అట్ట అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. ఆ నర్సమ్మ కాసేపు చూసి లేచి దగ్గరికొచ్చింది.

"అమ్మా, ఏమనుకోకండి. మీకు కామెర్లేమో, ఒకసారి చూపించుకోండి. రెండు కళ్లూ బాగా పచ్చగా ఉన్నాయి."

మా ఆయన నవ్వాడు. ఇది ఆయన నాకు చెప్పినప్పుడు గోడ వైపు తిరిగి చెప్పాడు. రెండు కళ్లూ, అంది ఆ నర్సు. పక్కనే నిలబడి, రోజూ మనుషుల్ని చూసే మనిషి కూడా ఏది తను చేసిందో పోల్చుకోలేకపోయిందని ఆయనకి గర్వం వేసింది. ఆ నవ్వు పెదాల మీద ఉండగానే మాట అర్థమైంది. అట్ట పక్కన పెట్టి అక్క మొహంలోకి చూశాడు. నుదురు, మెడ, ఒళ్లో పెట్టుకున్న అరచేతులు, అన్నీ అదే పసుపు. అంత పసుపు తన కళ్ల ముందే అన్నాళ్లుగా కూర్చుని లేచి వెళ్తోంది.

"ఏంట్రా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తావు?" అందట వదిన.

నేను సెలవు పెట్టి ఇద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్లాను. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు మమ్మల్ని విడిగా గదిలోకి పిలిచాడు. పైత్యరసం దిగే గొట్టానికి అడ్డంగా గడ్డ ఉంది, అది కాలేయంలోకి పాకిందన్నాడు. ఆపరేషనుకి వీలుపడదన్నాడు. కళ్లు పచ్చబడటం ఎప్పుడు మొదలైందని అడిగాడు. నాకు తెలియదన్నాను. మా ఆయన జేబులోంచి చిన్న డబ్బా తీసి, దూదిలో ఉన్న రెండు కళ్లు టేబులు మీద పక్కపక్కన పెట్టాడు.

"ఇదిగోండి, ఇది తెల్లగా ఉన్నప్పటిది," అన్నాడు. "ఇది మొదట పచ్చబడ్డప్పటిది. ఇంకొకటి ఇప్పుడు ఆవిడ కంట్లో ఉంది."

డాక్టరు చాలాసేపు వాటినే చూశాడు. ఆయన మంచివాడే, నొప్పించాలని అనలేదు.

"ఈ రెండోది చేసినప్పుడే తీసుకొచ్చి ఉంటే చెయ్యడానికి ఏమన్నా ఉండేదేమో," అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయన పనిబల్ల మీద దుప్పటి కప్పేశాడు. రంగు సీసాలు, కుంచెలు, పట్టుదారాలు అన్నీ దాని కిందే. ఎవరైనా వస్తే మానేశానని చెప్పి పంపేశాడు. పాత కంపెనీకి ఫోను చేశాడు. పెద్ద కుర్చీ ఎటూ లేదు, కొట్లవాళ్ల ఫిర్యాదులు చూసుకునే పనిస్తామన్నారు, ఒకటో తారీఖున రమ్మన్నారు. ఆ కబురు నాకు చెప్పి బూట్లకి పాలిష్ వేసుకోవడం మొదలుపెట్టాడు. అన్నేళ్లు నేను పోరింది దానికే. తీరా ఆ మాట చెవిన పడ్డాక నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. చేసే పని మీద కోపంతో వెళ్తున్న మనిషైతే తిట్టి ఆపేదాన్ని. ఈయన తన కళ్ల మీద నమ్మకం పోయి వెళ్తున్నాడు, దానికి నేనేం చెప్పను?

ఆసుపత్రిలో వదినకి లోపల చిన్న గొట్టం వేశారు. రోగం తగ్గడానికి కాదు, పైత్యరసం దిగి కాస్త తెరిపిగా ఉండటానికి. మెల్లగా ఒళ్లు తెల్లబడింది. మంచాన్ని జరిపించుకుని ఎడమవైపు గోడకి చేర్పించుకుంది. మళ్లీ ఆ అలవాటు వచ్చింది. ఎందుకో నాకు అర్థమయ్యేలోపే తనే చెప్పింది.

"ఒరేయ్, ఇప్పుడు నీదే పచ్చగా ఉంది."

ఆయన తల ఎత్తలేదు. "ఆ పని మానేశానక్కా. ఒకటో తారీఖు నుంచి కంపెనీకి వెళ్తున్నా."

"వెళ్లు, ఎవరొద్దన్నారు? ఇది మార్చి వెళ్లు. రెండు రంగుల్తో పొమ్మంటావా నన్ను?"

"నాకు కనపడలేదక్కా. చేతులారా రెండుసార్లు కప్పెట్టాను. నర్సు చెప్తే నవ్వాను నేను."

"నేను రోజూ అద్దంలో చూసుకునేదాన్ని కదరా. నాకు మాత్రం కనపడిందా? సరిపోయిందని సంతోషపడ్డాను." ఊపిరి తీసుకుని మళ్లీ అంది. "నీ కన్ను లేకపోతే ఆ పిల్లలు నా ఒళ్లో కూర్చునేవాళ్లు కాదు. అది మర్చిపోకు. రేపు నీ సరంజామా తీసుకురా. ఆ అట్ట మాత్రం తేకు. నా మొహం చూసి వెయ్యి."

ఆయన నా వైపు చూశాడు. నేను ఇంటికెళ్లి దుప్పటి తీసి, ఏది కావాలో తెలియక, బల్ల మీద ఉన్నదంతా సంచీలో వేసుకొచ్చాను. అట్ట ఒక్కటి వదిలేశాను.

వార్డు కిటికీ దగ్గర స్టూలు వేసుకుని వేశాడు. మొహం చూస్తే చెయ్యి వణుకుతుందని పెద్దాయన చెప్పింది నిజమే. కాసేపు వేసేవాడు, కుంచె పక్కన పెట్టి బయటికెళ్లేవాడు, ఎర్రటి కళ్లతో తిరిగొచ్చి మళ్లీ వేసేవాడు. వదిన కదలకుండా ఆయన్నే చూస్తూ పడుకునేది. ఒకటో తారీఖు వచ్చింది, వెళ్లింది. పాలిష్ వేసిన బూట్లు ఇంట్లో మంచం కిందే ఉన్నాయి.  

ఆ కన్ను ఆయన చేసినవాటిలో గొప్పదేం కాదు. ఒక ఎర్ర నరం వంకరగా అతుక్కుంది. పూర్తయ్యేసరికి లోపలి గొట్టం మళ్లీ పూడుకుపోయింది, వదిన ఒంట్లోకి పసుపు తిరిగొచ్చింది. తెల్లటి కన్ను చేతిలో పట్టుకుని, మంచం మీది మొహం చూసి, ఆయన పసుపు రంగు సీసా మూత తీశాడు. పాపం, చేతికి తెలిసింది అదొక్కటే.

"వద్దురా," అంది వదిన. మాట అప్పటికే లోగొంతులోకి దిగిపోయింది. "ఈసారి సరిపెట్టకు. తేడా కనపడనీ."

తనే పాతది తీసి, తెల్లది పెట్టుకుంది. మంచం గోడ నుంచి ఇవతలికి జరపమంది.

ఒకరోజు వదిన బడిలో అప్పుడు కన్ను కడుక్కోలేదా అని అడిగిన పిల్ల తల్లితోపాటు వచ్చింది. తల్లి గుమ్మం దగ్గరే ఆగిపోతే, ఆ పిల్ల మంచం పట్టె పట్టుకుని ఎక్కి, ఎప్పటిలాగే మొహంలో మొహం పెట్టి చూసింది.

"మళ్లీ ఒకటే కడుక్కున్నావా టీచర్?"

"అవునమ్మా. రెండోది రేపు కడుక్కుంటాను," అంది వదిన.

ఆ తర్వాత ఆవిడ ఎక్కువ రోజులు లేదు. చివర్లో రెప్ప పూర్తిగా మూతపడక, ఎడమ కంట్లో తెలుపు సన్నటి గీతలా కనపడుతూ ఉండిపోయింది. మా ఆయన బొటనవేలితో ఆ రెప్పని కిందికి దించి, చెయ్యి తియ్యలేక అలాగే నిలబడ్డాడు. నేనే వెళ్లి తీయించాను.

కంపెనీకి వెళ్లలేదాయన. చాలా రోజులు ఏ పనీ చెయ్యలేదు. తర్వాత ఒక పొద్దున నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే బల్ల దగ్గర కూర్చుని పట్టుదారం పోగులు విడదీస్తున్నాడు. ఇష్టంగా చేస్తున్నాడని చెప్పను, అక్క మర్చిపోకు అంది కాబట్టి చేస్తున్నాడు. అప్పటి సరదా మళ్లీ రాలేదు. అట్ట లేకుండా రంగు కుదరదు కాబట్టి దాన్ని ఇప్పటికీ వాడతాడు. కానీ వచ్చినవాళ్లని ముందు వీధి వరండాలో వెలుతురులో నిలబెడతాడు. మొహం చూస్తాడు, గోళ్లు చూస్తాడు, ఆకలేస్తోందా, నిద్ర పడుతోందా అని అడుగుతాడు. కన్ను చేయించుకోడానికి వచ్చామా ఒళ్లు చూపించుకోడానికి వచ్చామా అని విసుక్కునేవాళ్లున్నారు. అక్కర్లేకుండా డాక్టరు దగ్గరికి పంపాడని తిట్టిపోసినవాళ్లూ ఉన్నారు. పడతాడు.

రోజూ నేను బయల్దేరేటప్పుడు నన్నూ గుమ్మంలో ఆపుతాడు. గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పి, బొటనవేలితో కింది రెప్ప లాగి చూస్తాడు. ముందు ఎడమది, తర్వాత కుడిది. మొదట్లో బస్సు వెళ్లిపోతుందని గొణిగేదాన్ని, నాకేం రోగమని కసురుకునేదాన్ని. ఒకరోజు కసురుతూ కసురుతూ, అంత దగ్గరగా ఉన్న ఆయన మొహం చూశాను. అప్పటి నుంచి ఏమీ అనడం లేదు. వెళ్లు, అని ఆయన అనేదాకా గుమ్మంలో నిలబడతాను.